ఒకటో రకం మనుషులు

నేను అయిదు దేశాల్లోకెల్లా విలువలున్న మనిషిని. ఈ మాట నేనంటున్నది కాదు. నన్ను ఎరిగినవాళ్ళెవరూ అనగలిగిందీ కాదు. కంపెనీ కాగితం మీద అచ్చయి ఉంది, కింద మూడు సంతకాలు, ఒక ముద్ర. నిజాయితీ, బాధ్యత, తోటివారిపట్ల గౌరవం, పనిమీద శ్రద్ధ, అన్నీ కలిపి అయిదుకి అయిదు. ఎక్కడా వీసమెత్తు తగ్గలేదు. ఆ కాగితం నాకెలా వచ్చిందో చెబుతాను. విన్నాక నవ్వుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం. మా ఇంట్లో రెండూ అయిపోయాయి.

మాది పింగాణీ ఫ్యాక్టరీ. ప్లేట్లు, కప్పులు, సాసర్లు, సూపు గిన్నెలు చేస్తాం. చేస్తాం అంటే మిగతావాళ్ళు చేస్తారు, నేను టైమాఫీసు గుమాస్తాని. ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసుకోవడం నా పని. నేను ఎన్నింటికి వచ్చానో రాసుకునేవాళ్ళు లేకపోవడం ఆ పనిలో ఉన్న సుఖం. పై ఆఫీసు భాష నాకు కాస్త వచ్చు కాబట్టి అక్కడినుంచి వచ్చే కాగితాలు మా వాళ్ళకి తెలిసే భాషలోకి మార్చి రాయడం కూడా నా నెత్తినే పడింది.

మా అక్క చెకింగ్ హాల్లో పనిచేస్తుంది. సొంత అక్క, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఎక్కడా కుదురుగా ఉండని నన్ను ఈ ఫ్యాక్టరీలో చేర్పించింది ఆవిడే. ఫ్యాక్టరీ అంతటికీ ఆవిడ అక్కే. మేనేజరు కూడా అక్కగారూ అనే పిలుస్తాడు.

చెకింగ్ హాలు పొడుగ్గా ఉంటుంది. కిటికీలన్నీ ఒకే వైపు, బల్లలమీద ట్యూబులైట్లు. బట్టీలోంచి దిగి చల్లారిన ప్లేట్లు అక్కడికొస్తాయి. పద్నాలుగుమంది ఆడవాళ్ళు ఒక్కో ప్లేటునీ వెలుతురుకి పట్టి తిప్పుతారు, చిన్న కర్రముక్కతో అంచుమీద తట్టి వింటారు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల ఎక్కడో నెర్రె ఉన్నట్టు. ఆ తర్వాత మైనపు పెన్సిలుతో అడుగున ఒక అంకె వేస్తారు. ఒకటి అంటే మచ్చలేనిది. రెండు అంటే పట్టుబట్టి వెతికితే తప్ప కనపడని లోపం. మూడు, నాలుగు చవక దుకాణాలకి పోతాయి. అయిదు వేసినది నేరుగా పిండి చేసే మిషన్లోకి పోతుంది.

ముప్ఫై ఏళ్ళుగా ఇదే లెక్క కావడంతో మా వాళ్ళకి అది ఒంటబట్టింది. ఇవాళ క్యాంటీన్ టీ మూడో రకం అంటారు. బట్టీ దగ్గర పనిచేసే బాబాయి, అందరూ బట్టీ బాబాయి అనే పెద్దాయన, తన ఇద్దరు అల్లుళ్ళలో ఒకణ్ణి రెండనీ ఇంకొకణ్ణి నాలుగనీ పిలుస్తాడు. ఆ నాలుగో రకం అల్లుడికి ఆ సంగతి తెలుసు కూడా.

హాలు చివర అద్దాల గది ఒకటుంది. ఇన్‌ఛార్జి కూర్చునే గది. ఏ లాటు లారీ ఎక్కాలో, ఏది వెనక్కి పోవాలో ఆ కుర్చీలో మనిషి సంతకంతో తేలుతుంది. పాత ఇన్‌ఛార్జి ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. ఆయన చూపు మందగించి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ అక్క చూసి చెబితే ఆయన సంతకం పెట్టాడు. ఆయన తర్వాత ఆ కుర్చీ అక్కదే అన్నది ఫ్యాక్టరీలో గోడలక్కూడా తెలుసు. అక్క పైకేమీ అనలేదు కానీ, చదువుకునే కళ్ళద్దాలు కొత్తవి చేయించుకుంది. ఇరవై ఆరేళ్ళు నిలబడి పనిచేసిన మనిషికి కూర్చోవాలని ఉండదా? ఉండాలి కూడా.

సరిగ్గా అప్పుడే మా ఫ్యాక్టరీని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. వాళ్ళకి మాదానితో కలిపి అయిదు దేశాల్లో అయిదు ఫ్యాక్టరీలు. ప్లేట్లు ఎన్ని వస్తున్నాయో, కప్పులు ఎన్ని పగులుతున్నాయో లెక్కలు చూసి చూసి విసుగొచ్చిందో ఏమో, ఏ ఫ్యాక్టరీలో మనుషులకి ఎంత విలువలున్నాయో కొలవాలని బుద్ధి పుట్టింది. దానికి విలువల సూచిక అని పేరు పెట్టారు. ఇకమీదట ఇన్‌ఛార్జి పదవులన్నీ ఆ సూచిక ప్రకారమేనని, నాలుగుకి తగ్గినవాళ్ళకి కుర్చీ లేదు, శిక్షణ ఉంటుందని, అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్ళని కూర్చోబెట్టమని ఉత్తరం వచ్చింది. ఉత్తరంతోపాటు ప్రశ్నల కాగితం వచ్చింది. నలభై వాక్యాలు. ఒక్కోదాని పక్కన ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు, ఏదో ఒకదానికి సున్నా చుట్టాలి.

అనువాదం నాకిచ్చారు. మొదటి పది వాక్యాలకే తల ప్రాణం తోకకొచ్చింది. 'నేను పై అధికారి చేసిన తప్పుని ఆయనకి సూటిగా చెబుతాను' అని ఒకటుంది. మా దగ్గర అలా ఎవరూ చెప్పరు. ఇన్‌ఛార్జి తప్పు లాటుమీద సంతకం పెడితే అక్క అందులోంచి ఒక పగులు ప్లేటు తీసి, పగులు పైకి కనపడేలా ఆయన బల్లమీద పెట్టి, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళిపోతుంది. ఆమె తిరిగొచ్చేసరికి లాటు వెనక్కి వచ్చి ఉంటుంది. ఇది సూటిగా చెప్పడమా, చెప్పకపోవడమా? దానికి ఒకటి చుట్టాలా, అయిదా? రాసినవాణ్ణి అడుగుదామంటే రాసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలీదు.

ఎలాగో నలభై పూర్తిచేసి టైపు కొట్టిస్తే ఒక చిక్కొచ్చింది. మొదటి పేజీలో చోటు చాలలేదు. 'అయిదు అంటే పూర్తిగా నిజం, ఒకటి అంటే అస్సలు నిజం కాదు' అన్న సూచనని నేనే తీసి చివరి కాగితం వెనకపక్క వేయించాను. అంత మాత్రానికి ఇంకో కాగితం ఎందుకు దండగ అనుకున్నాను. ఈ కథ మొత్తంలో నేను చేసిన పొదుపు ఇదొక్కటే.

నింపే రోజు క్యాంటీన్లో అందరినీ కూర్చోబెట్టారు. పేర్లు రాయనక్కర్లేదు, అంతా రహస్యం అన్నాడు మేనేజరు. మూలన హాజరు నంబరు మాత్రం వేయమన్నాడు.

మా వాళ్ళకి అంకెలు కనపడగానే ఇంక సూచనలతో పనేముంది? 'నేను పనిని శ్రద్ధగా చేస్తాను.' ఒకటి. 'నేను నిజాయితీపరుణ్ణి.' ఒకటి. బట్టీ బాబాయి మాత్రం 'నాకు కోపం త్వరగా రాదు' దగ్గర కాసేపు ఆగి, నిజాయితీగా రెండు చుట్టాడు. పావుగంటలో హాలు ఖాళీ.

నా సంగతి చెప్పాలి. నాకు సూచన తెలుసు, రాసిందే నేను. కానీ ఆ నలభై వాక్యాలతో వారం రోజులు కాపురం చేసినవాణ్ణి, మళ్ళీ వాటి మొహం చూడబుద్ధి కాలేదు. పైగా టీ చల్లారిపోతోంది. ఒకటి అంకె వరస చేతికి దగ్గరగా ఉంది. పైనుంచి కిందకి ఒకే గీత గీసి, కాగితం ఇచ్చేసి, గ్లాసు అందుకున్నాను.

అక్క ఒక్కతే మిగిలింది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాలు చివరిదాకా తిప్పి, వెనకపక్క కూడా చదివి, మళ్ళీ మొదటికొచ్చింది.

"ఒరేయ్, ఇలా రా. 'నేను ఎప్పుడూ నిజమే చెబుతాను' అంట. ఎప్పుడూ అంటే ఎప్పుడూనేనా?"

"ఏదో ఒకటి చుట్టెయ్యి అక్కా."

"మొన్న పక్కింటావిడ జుట్టు కత్తిరించుకొచ్చి ఎలా ఉందంటే బాగుందన్నాను."

"బాగాలేదా?"

"నువ్వు చూడలేదు కాబట్టి అడుగుతున్నావు." మూడు చుట్టింది.

పనిమీద శ్రద్ధ దగ్గర నాలుగు చుట్టింది. నాకు ఒళ్ళు మండింది. "నీకంటే శ్రద్ధగా చేసేవాళ్ళు ఎవరున్నారే? అయిదు చుట్టు."

"అయిదు చుట్టినవాడికి ఇంక నేర్చుకునేది ఏముందిరా? నువ్వు నీ టీ తాగు."

యాభై నిమిషాలు పట్టింది ఆవిడకి. కాగితం నా చేతికిస్తూ, "వెనక రాశారేంటిరా అసలు సంగతి? ఎవరు చూస్తారు?" అంది. అందరూ చూస్తారులే అన్నాను.

ఫలితాలు నెలకి వచ్చాయి. ఫలితాలతోపాటు ఒక మనిషి కూడా వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కార్డు, మాట్లాడేటప్పుడు రెండు చేతులతో గాల్లో డబ్బాలు కట్టే అలవాటు. గంటలో ఆయనకి విలువల సార్ అని పేరు పెట్టేశారు. గోడమీద తెర వేసి రంగుల కడ్డీలు చూపించాడు. సముద్రం అవతలి ఎండ దేశం ఫ్యాక్టరీ కడ్డీ అందరికంటే పొడుగు, నాలుగున్నర. చలి దేశం వాళ్ళది మూడు. ఇంకో రెండు దేశాలవి మధ్యలో. చివర్న నేలకి అతుక్కుపోయి ఒక ఎర్ర ముక్క ఉంది. అది మేము. ఒకటి పాయింట్ మూడు.

"బాధపడకండి," అన్నాడు విలువల సార్ చాలా జాలిగా. "మీరు ఇలా ఉండటం మీ తప్పు కాదు. ఇది మీ సంస్కృతి."

మేనేజరు మొహం కందగడ్డ అయింది. ఫ్యాక్టరీ మొత్తంలో నాలుగు దాటింది ఒక్కరేనట, నాలుగు పాయింట్ ఒకటి, చెకింగ్ హాలు అక్కగారు. అయిదు దేశాల్లోకీ అట్టడుగున ఉన్నవాడు కూడా ఇక్కడే ఉన్నాడట, అయిదుకి ఒకటి, టైమాఫీసు. రహస్యం అంటే ఏంటో అప్పుడు నాకర్థమైంది.

నాకు ప్రత్యేకంగా ఒక గంట కౌన్సెలింగ్ ఇచ్చాడు. తలుపు వేసి, మెత్తగా అడిగాడు.

"చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరైనా కొట్టారా?"

"మా అక్క."

"ఎందుకు?"

"అబద్ధాలాడానని."

పాపం, అది కూడా రాసుకున్నాడు.

మిగతా అందరికీ రెండు రోజుల శిక్షణ. మొదటి రోజు నమ్మకం పాఠం. ఒకరు కళ్ళు మూసుకుని వెనక్కి పడాలి, తోటివాళ్ళు పట్టుకోవాలి. బట్టీ బాబాయి నూటపది కిలోల మనిషి. ఆయన కళ్ళు మూసుకోగానే వెనకున్న ప్యాకింగ్ వాళ్ళు నలుగురూ తలో పక్కకి తప్పుకున్నారు. ఆయన్ని నేలే పట్టుకుంది. 'పరస్పర విశ్వాసం లేదు' అని విలువల సార్ రాసుకున్నాడు. బాబాయి బరువెంతో మాత్రం రాసుకోలేదు.

నడుం పట్టుకుని లేచిన బాబాయి అసలే మంటమీద ఉన్నాడు. రెండో రోజు విలువల సార్ ఆయన్నే నిలబెట్టి అడిగాడు. "నేను నిజాయితీపరుణ్ణి అన్నదానికి మీరు ఒకటి ఎందుకు చుట్టారు? ఏ పరిస్థితులు మిమ్మల్ని అలా చేశాయి?"

"ఒకటి చుట్టక ఏం చుట్టమంటావయ్యా?" బాబాయి గొంతు లేచింది. "నేనేమన్నా రెండో రకమా? ముప్ఫై ఏళ్ళనుంచి బట్టీ ముందు ఉడుకుతున్నాను, ఒక్క కప్పు ఇంటికి పట్టుకెళ్ళలేదు. ఒకటి కంటే మంచిది ఉంటే చెప్పు, అదే చుడతాను!"

హాలంతా అవునవునంది. విలువల సార్‌కి ఏమీ అర్థం కాలేదు. మేనేజరుకి అర్థమైందేమో కానీ పైకి నోరు మెదపలేదు. నాకు మొత్తం అర్థమైంది, కుర్చీలో ఇంకొంచెం కిందికి జారాను.

లేచింది అక్క. తన ఒక్కదాని అంకె మాత్రమే నాలుగు దాటి ఉంది. ఆ లెక్క అలా వదిలేస్తే నెలాఖరుకి అద్దాల గది ఆమెది. ఇది ఆమెకి తెలుసు, నాకు తెలుసు, హాల్లో కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలుసు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అక్క వెళ్ళి చెకింగ్ బల్లమీదనుంచి రెండు ప్లేట్లు తెచ్చి, తిరగేసి ఆయన ముందు పెట్టింది.

"ఇది చూడండి సార్. ఒకటి వేసింది మంచిది. అయిదు వేసింది పిండి మిషన్లోకి పోయేది. మావాళ్ళ చేతులకి ఇదే అలవాటు. సూచన కాగితం వెనక ఉంది, వాళ్ళు చూడలేదు. వాళ్ళు ఒకటి వేశారంటే మేము మంచివాళ్ళం అని రాసుకున్నారన్నమాట. వీళ్ళు దొంగలు కారు సార్."

విలువల సార్ ఒక ప్లేటు, ఇంకో ప్లేటు, తెరమీద ఎర్రముక్క, మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఒక్క మీట నొక్కాడు. ఒకటిని అయిదు చేశాడు, రెండుని నాలుగు చేశాడు. ఎర్రముక్క చూస్తుండగానే నేలమీదనుంచి లేచి, పెరిగి, ఆకుపచ్చగా మారి, ఎండ దేశాన్ని దాటిపోయి నిలబడింది. నాలుగు పాయింట్ ఏడు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని అందరూ కొట్టారు.

"మీ సంస్కృతి గొప్పది," అన్నాడు విలువల సార్. పది నిమిషాల ముందుదాకా మామీద జాలిపడినవాడు ఆయనే.

అక్క కూర్చోలేదు. "అలా తిప్పేస్తే కాదు సార్. నేను సూచన చదివే నింపాను. నాలాగా చదివినవాళ్ళు ఇంకా ఉన్నారేమో. చదవకుండా గీసేసినవాళ్ళు ఉన్నారేమో." ఇక్కడ నా వైపు చూడలేదు, అందుకు ఆమెకి రుణపడి ఉన్నాను. "మళ్ళీ ఒకసారి అడగండి. ఒక్క పూట పని."

"మళ్ళీ ఎలా అడుగుతాం అక్కగారూ?" అన్నాడు విలువల సార్. "ఏది మంచి అంకో ఇప్పుడు మీకు తెలిసిపోయింది. తెలిశాక చెప్పే జవాబు నిజాయితీ అనిపించుకోదు."

"మరి ఆ నాలుగు దేశాల వాళ్ళు ఏం తెలిసి చెప్పారు?" అక్క నా వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ రసీదుల ఫైలు పట్రా."

తెచ్చాను. కిందటి మూడు నెలల్లో మేము ఒకే లాటులో ప్లేట్లు సగం చలి దేశంలో వ్యాపారికీ సగం ఎండ దేశంలో వ్యాపారికీ పంపాం. అందినట్టు వాళ్ళు రాసిన కాగితాలు అందులో ఉన్నాయి. నన్నే చదవమంది. చలి దేశం వాళ్ళది ఒక్క వరస, 'సరుకు అందింది. ఫిర్యాదు లేదు.' ఎండ దేశం వాళ్ళది పేజీన్నర. 'ఇంత అందమైన ప్లేట్లు మా కళ్ళు ఇంతవరకూ చూడలేదు, మీ చేతులకి ముద్దులు,' అని మొదలుపెట్టి, చివర్న అరవై రెండు ప్లేట్లు పగిలి వచ్చాయని చిన్న అక్షరాల్లో రాశారు.

"ఈ చలి దేశం ఆయనకి ఫిర్యాదు లేదు అనడమే పెద్ద పొగడ్త సార్. పదేళ్ళుగా చూస్తున్నాం, అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయలేదు, మన సరుకు కొనడం ఒక్కసారీ మానలేదు. ఇలాంటివాళ్ళు చుట్టిన మూడూ, ఆ ముద్దులు పెట్టేవాళ్ళు చుట్టిన నాలుగున్నరా పక్కపక్కన నిలబెట్టి ఎవరు పొడుగో ఎలా చెబుతారు?"

విలువల సార్ నవ్వాడు. చాలా మర్యాదగా నవ్వాడు, చిన్నపిల్లలు ఆకాశం ఎందుకు కింద పడదని అడిగితే పెద్దవాళ్ళు నవ్వినట్టు. "అందుకే కదా సగటు తీస్తాం," అన్నాడు. తెర చుట్టేసి టీకి వెళ్ళాడు.

కొత్త జాబితా మూడో రోజు నోటీసు బోర్డుమీదికి వచ్చింది. అన్నిటికంటే పైన నా నంబరు, అయిదుకి అయిదు. చదవకుండా గీసిన గీత తలకిందులై నన్ను అయిదు దేశాల నెత్తిన కూర్చోబెట్టింది. అన్నిటికంటే కింద అక్క నంబరు ఉంది. ఒకటి పాయింట్ తొమ్మిది. ఆవిడ యాభై నిమిషాలు ఆలోచించి చుట్టిన నాలుగులన్నీ రెండులైపోయాయి. ఫ్యాక్టరీలో సూచన చదివి నింపిన మనిషి ఆవిడ ఒక్కతే అని అలా తేలింది.

జాబితా కింద ఇంకో కాగితం. చెకింగ్ హాలు ఇన్‌ఛార్జిగా టైమాఫీసు గుమాస్తా నియామకం. నాకు ప్లేట్లు చూడటం రాదు కదా అని మేనేజరు అడిగాడట కూడా. "ప్లేట్లు చూడటం ఎవరైనా నేర్చుకుంటారు, విలువలు నేర్పితే వచ్చేవి కావు," అన్నాడట రెండు రోజులు విలువలు నేర్పిన ఆ మహానుభావుడు.

నేను మరీ అంత సిగ్గులేనివాణ్ణేం కాదు. ఆ మధ్యాహ్నమే మేనేజరు గదికి వెళ్ళాను.

"సార్, ఇది తప్పు. నేను చదవకుండా గీత గీశాను. ఆ కుర్చీ అక్కది."

ఆయన లేచి తలుపు వేశాడు. "చదవకుండా గీశావా? అనువాదం చేసినవాడివి నువ్వే కదా? సూచన వెనక పేజీలో వేయించింది ఎవరు?"

నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ప్రధాన కార్యాలయంలో మన ఫ్యాక్టరీ పేరు మొదట ఉంది. వచ్చే వారం నాకు షీల్డు ఇస్తున్నారు. ఇప్పుడు పోయి ఇదంతా తప్పంటే, ఆ తప్పు ఎవరిదని అడుగుతారు. నువ్వు అయిదు దేశాల్లో ఉత్తముడివని రాయమంటావా, మొత్తం కంపెనీని మోసం చేసినవాడివని రాయమంటావా? రెండో కాగితం మీద అయితే ఉద్యోగం ఉండదు. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. గట్టిగా నిమిషం పట్టలేదు.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ పగలబడి నవ్వింది. "నీలో ఇన్ని ఉన్నాయని పదిహేడేళ్ళలో నేను కనిపెట్టలేకపోయానే! రేపటినుంచి కూరగాయలు నువ్వే తేవాలి, ఏరి తెచ్చే శ్రద్ధ నీకే ఉంది." నవ్వు ఆగాక మొహం మారింది. "వదినకేం చెబుతావు?"

ఏం చెప్పాలో తెలీక నాలుగు రోజులు అక్క కంటపడకుండా తిరిగాను. తర్వాత గేటు దగ్గర దొరికిపోయాను.

"వాళ్ళకి చెప్పావా?" అనడిగింది.

"చెప్పానక్కా. వినలేదు."

నా కాగితం ప్రకారం అబద్ధమనేది ఎరగని మనిషిని నేను. సగం నిజం ఉంది కాబట్టి ఆ మాట నోట్లోంచి సులభంగానే వచ్చింది. అక్క నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. చిన్నప్పుడైతే చెంప పగిలేది. ఆ రోజు చెయ్యి లేస్తుందని ఎదురుచూశాను, లేస్తే బాగుండుననిపించింది కూడా. సరేలే అని టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాలుగుకి తగ్గినవాళ్ళకి మళ్ళీ శిక్షణ ఉంటుందని ఉత్తరంలో రాశారు కదా, ఆ మాట తప్పలేదు. తగ్గినవాళ్ళు మా ఫ్యాక్టరీలో ఒక్కరే. క్యాంటీన్లో నలభై కుర్చీలు వేసి, మొదటి వరసలో అక్కని కూర్చోబెట్టి, రెండు రోజులు నిజాయితీ పాఠం చెప్పారు. బట్టీ బాబాయి చూడలేక అటువైపు టీకి రావడం మానేశాడు. చెకింగ్ హాల్లో పిల్లలు, అంటే అక్క చేతికింద పని నేర్చుకున్న ఆడవాళ్ళు, గొడవ చేద్దామన్నారు. అక్కే వద్దంది. లాటు ఆగిపోతుంది, పని చూడండి అంది. వెనక్కి పడే ఆట మాత్రం ఆమెతో ఆడించలేదు, పట్టుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి.

నెలాఖరుకి పాత ఇన్‌ఛార్జి వెళ్ళిపోయాడు. ఒకటో తారీఖు పొద్దున నేను అద్దాల గదిలో కూర్చున్నాను. కుర్చీ బాగుంది. నా కాగితం చట్రం కట్టించి నా వెనక గోడకి తగిలించి ఉంది, మేనేజరే దగ్గరుండి మేకు కొట్టించాడు. అద్దంలోంచి పద్నాలుగు బల్లలూ కనపడతాయి. ఎవరూ ఇటు చూడటంలేదు.

పది గంటలకి మొదటి లాటు వచ్చింది. మూడువేల ప్లేట్లు, చలి దేశానికి. నమూనాగా ఒక ప్లేటు నా బల్లమీద పెట్టారు. అడుగున అంకె లేదు, ఎందుకు లేదంటే చెకింగ్‌లో తేలక ఇన్‌ఛార్జి చూడాలని పంపారు. వెలుతురుకి పట్టుకున్నాను, ప్లేటులాగే ఉంది. తట్టి విన్నాను. మోగింది. బాగా మోగిందా, బాగాలేకుండా మోగిందా అన్నది నా చెవికి అందలేదు. ఇంకోసారి తట్టాను. బయట లారీవాడు హారన్ కొడుతున్నాడు. ఈ ఒక్క ప్లేటు పోతే పోనీ అనుకుందామంటే దీని వెనక మూడువేలున్నాయి. పదేళ్ళుగా ఫిర్యాదు లేదు అని రాస్తున్న మనిషి ఉన్నాడు.

తలుపు తీసి పిలిచాను. "అక్కా, ఒక్కసారి ఇది చూడవూ?"

అక్క చేతిలో ప్లేటు కింద పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేను ప్లేటు చాచాను. ఆమె అందుకోలేదు.

"అది మీరు చూడాలి సార్," అంది.

"అక్కా, నాకు తెలీదని నీకు తెలుసు కదా. ఒక్క మాట చెప్పు."

"లారీ ఎదురుచూస్తోంది. చూసి సంతకం పెట్టండి, లాటు పంపించేస్తాం."

ఆ గొంతులో కోపం ఉందేమోనని వెతికాను. ఎగతాళి ఉంటే బతికిపోదును, అదీ వెతికాను. ఏదీ లేదు. ఇన్నేళ్ళూ పాత ఇన్‌ఛార్జితో ఎలా మాట్లాడిందో నాతోనూ అలాగే మాట్లాడింది. నేను పుట్టినప్పటినుంచీ నన్ను ఒరేయ్ అని పిలిచిన మనిషి, నేను సంతకం పెట్టేదాకా చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.